రెండు మైళ్ళు

ఆకుపచ్చ పిడి పెట్రోలు, నల్లది డీజిలు.
చంటిపిల్లకైనా ఒక్కసారి చెబితే చాలు.
ఆ పొద్దున నా చెయ్యి ఆకుపచ్చదాని మీద పడింది.

బెల్‌ముల్లెట్ బంకులో నేనొక్కణ్ణే.
సముద్రం మీంచి అడ్డంగా కొట్టే వాన,
టై ఎగిరి చెవికి తగులుతోంది.
మనసేమో రాత్రి నా కబురుకి జవాబివ్వని పిల్ల దగ్గర.
పందొమ్మిదేళ్ళు నాకు.
శవాల బండి నడపడం, ఫెస్టస్ మావయ్య ఇచ్చిన
మొదటి కొలువు.

పెట్రోలు గొట్టం సన్నం,
డీజిలు బండి గొంతులో ఇట్టే దిగిపోతుంది.
అదే తిరగేసి చేద్దామంటే పట్టదు.
కొన్ని తప్పులకి
కొలత తీసి కుట్టినట్టుంటుంది దారి.

నలభై లీటర్లు.
రసీదు కూడా బుద్ధిగా మడిచి
జేబులో పెట్టుకున్నాను.

పెట్టెలో ఓనా గింటీ.
ముప్ఫైయేళ్ళు బడిలో వంట చేసిన మనిషి.
తలకి రెండే ఆలుగడ్డలు,
మూడోది అడిగితే గరిటెతో వేళ్ళ మీద.
ఇంట్లోంచి ఎత్తేటప్పుడే మావయ్య నడుం పట్టుకున్నాడు,
చిన్న మనిషి కాదు.

చర్చి ఇంకా రెండు మైళ్ళుందనగా
బండి ముందు దగ్గింది.
తర్వాత ఏదో గొణిగింది.
తర్వాత, తన లోపలున్నది చూసి నేర్చుకున్నట్టు,
మౌనంగా అయిపోయింది.

అటూ ఇటూ నల్లటి బురదనేల,
కోసి ఆరబెట్టిన మట్టి ఇటుకల గుట్టలు,
చెట్టన్నది లేదు తలదాచుకోడానికి.
మావయ్య దిగి మూత తీసి వాసన చూశాడు.
నా వైపు చూడలేదు.
అంతకంటే పెద్ద తిట్టు ఆయనకి రాదు.

వెనక పాతిక కార్లు ఆగాయి.
ఒక్కరూ హారన్ కొట్టలేదు.
అద్దాల మీద వైపర్లు మాత్రం
కాదు కాదు అని తలలూపుతున్నాయి.

ముందుగా దిగింది గొర్రెల మాలకీ.
టోపీ తీసి కోటు లోపల దాచుకుని
"ఆరుగురు రండి," అన్నాడు,
"ఎత్తు సరిపోయేవాళ్ళు."

అంతే.
ఎవరూ నన్నేమీ అడగలేదు.
టెలిఫోను స్తంభానికో జట్టు చొప్పున
భుజాలు మారుస్తూ నడిచారు.
రెండో స్తంభం దగ్గర ఎవరో ఆయాసపడుతూ
"ఆలుగడ్డలన్నీ తనే తినేసిందిరా" అన్నారు.
ఏడుస్తున్న కూతురు డెర్విలా
పక్కున నవ్వి, ముక్కు తుడుచుకుని,
"నిజమే" అంది.

నాలుగో స్తంభం దగ్గర
ఒక చెయ్యి నన్ను ముందుకు తోసింది: నీ వంతు.
భుజం కింద పెట్టె అంచు, చెంపకి తడి చెక్క.
నా అరచేతికింకా పెట్రోలు వాసన.
ఓనాకి అది తెలిసిపోతుందని భయం,
గరిటె లేస్తుందని.

గ్రహపాటు అన్నాడు ఫాదర్, గేటు దగ్గర మమ్మల్ని చూసి.
కాదు ఫాదర్, ఉత్త పొరపాటు. నాదే.
అప్పటికి అది పైకి అనలేదు.

సాయంత్రం మెకానిక్ వచ్చి
ట్యాంకంతా నీలం డ్రమ్ములోకి తోడాడు.
రెండూ ఒకటైపోయాక
విడదీయడం ఎవడి తరమూ కాదన్నాడు.
నా జీతంలోంచి వారానికి ఇరవై యూరోలు,
క్రిస్మస్ దాకా.

ఇది జరిగి పదకొండేళ్ళు.
మావయ్య ఇప్పుడు కుర్చీలోంచి పని చెబుతాడు,
బండి నాది.
నిరుడు చలికాలం ఓ రైతు పోయినప్పుడు
వాళ్ళావిడ మెల్లిగా అడిగింది:
"ఆ మలుపు దగ్గర ఆపుతారా?
ఓనాకి ఆపినట్టు."
తర్వాత ఇంకో ఇంటివాళ్ళు.
తర్వాత, అడగకుండానే నేను.

ఇంజను బాగానే ఉంటుంది.
తాళం తిప్పి ఆపేస్తాను,
జనం దిగుతారు, భుజాలు చూసుకుంటారు,
పొట్టివాళ్ళని వెనక్కి పంపిస్తారు.

బంకులో మాత్రం ఇవాళ్టికీ
పిడి మీది అక్షరాలు
వేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ,
ఒకటో తరగతి పిల్లాడిలా చదువుతాను.
కౌంటరు వెనక అమ్మాయి నవ్వుతుంది.
నవ్వనీ.